డ్రమ్ కిట్ అరువు ఇచ్చే ముందు

పోయిన సంవత్సరం మన ఫెస్ట్ అయిన మర్నాడు పొద్దున్నే ఆడిటోరియం స్టేజీ మీద నేనొక తప్పు చేశాను. నా డ్రమ్ కిట్ విప్పుతుంటే క్రాష్ సింబల్‌కి పగులు కనపడింది. ముందురోజు రాత్రి ఆఖరున దాని మీద వాయించింది సెకండియర్ తమ్ముడొకడు. పక్కన పదిమంది వైర్లు చుడుతూ, కుర్చీలు సర్దుతూ ఉన్నారు. వాళ్లందరి ముందే, "వాయించడం రానివాడివి ఎందుకు అడిగావురా, ఏడు వేల వస్తువు పగలగొట్టావ్" అనేశాను. వాడు ఎదురు మాట్లాడలేదు. "సారీ అన్నా, డబ్బులు సర్దుతా" అని తల దించుకుని వెళ్లిపోయాడు. సాయంత్రానికి వాళ్ల రూమ్మేట్ చేత 2000 రూపాయలు పంపాడు. నేను తీసుకున్నాను కూడా.

ఆ పగులు వాడి వల్ల వచ్చింది కాదని నాలుగు రోజుల తర్వాత తెలిసింది. ఎలా తెలిసిందో సింబల్ సంగతి వచ్చినప్పుడు చెప్తాను.

సాహితీ క్లబ్ పత్రికలో డ్రమ్ముల గోలేంటి అనుకోకండి. మన ఉగాది కార్యక్రమానికి స్టేజీ ఎక్కిందీ ఆ కిట్టే. మన కాలేజీలో వాయించేవాళ్లు అరడజను మంది ఉంటే సొంత కిట్ ఉన్నవాళ్లు ఒకరో ఇద్దరో. ఇవ్వకపోతే వాళ్లు నేర్చుకునే దారి లేదు, ఇస్తే వస్తువు ఏమవుతుందోనని మనకి నిద్ర పట్టదు. మొహమాటానికి పోయి ఇచ్చేసి, తర్వాత లోపల ఉడికిపోవడం కంటే, ముందే చూసుకుని, ముందే చెప్పుకుని ఇస్తే వస్తువూ మిగులుతుంది, స్నేహమూ మిగులుతుంది. ఆ చూసుకోవడం, చెప్పుకోవడం ఎలాగో ఈ వ్యాసం.

కిట్‌లో ఏముంటాయి

వాయించనివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. మామూలు ఐదు డ్రమ్ముల కిట్‌లో కింద పెద్దగా పడుకోబెట్టి ఉండేది కిక్ డ్రమ్. దాన్ని కుడికాలితో పెడల్ తొక్కి వాయిస్తారు. రెండు మోకాళ్ల మధ్య ఉండేది స్నేర్. టప్ టప్‌మని గట్టిగా, కొంచెం చరచరమని మోగుతుంది. కిక్ మీద బిగించిన చిన్నవి రెండు టామ్స్, పక్కన మూడు కాళ్ల మీద నిలబడేది ఫ్లోర్ టామ్. ఇవి కాక సింబల్స్ ఉంటాయి. ఎడమకాలి దగ్గర ఒకదానిమీద ఒకటి తెరుచుకుని మూసుకునే జత హైహాట్. ఒక్కసారిగా "ఝుయ్" మనేది క్రాష్. టింగ్ టింగ్‌మని లెక్క పట్టేది రైడ్. వీటన్నిటికీ స్టాండ్లు, కూర్చోవడానికి గుండ్రటి స్టూల్.

డ్రమ్ముల చెక్క గుల్లని షెల్ అంటారు. పైన బిగించే ప్లాస్టిక్ పొరని హెడ్ అంటారు. ఈ రెండు మాటలూ గుర్తుంచుకోండి, మిగతా వ్యాసమంతా వీటి చుట్టూనే.

ఏది ఇవ్వాలి, ఏది దాచుకోవాలి

నా కిట్ మా ఊళ్లో పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో వాయించిన మాస్టారి దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. నాన్న చీటీ పాడి 26,000 కట్టారు. మాస్టారు కిట్ అప్పగించిన రోజు ఒక పాత రెక్సిన్ సంచి చూపించి, "కిట్ ఎవరడిగినా ఇవ్వు బాబూ, ఈ సంచిలోవి మాత్రం ఇవ్వకు" అన్నారు. అందులో స్నేర్, సింబల్స్, కిక్ పెడల్ ఉన్నాయి. అప్పుడు నాకది పిసినారితనంలా అనిపించింది. చర్చిలో క్వాయర్ పిల్లలందరం ఒకే కిట్ మీద వంతులవారీగా వాయిస్తూ పెరిగాం, అక్కడ ఎవరూ ఏదీ దాచుకోలేదు.

తర్వాత తెలిసింది ఏంటంటే, మాస్టారు చెప్పింది ఆయన సొంత నియమం కాదు. చాలా దేశాల్లో ఒకే రాత్రి నాలుగైదు బ్యాండ్లు వాయించే చోట ఇదే పద్ధతి. ఒకరి షెల్స్, స్టాండ్లు అందరూ వాడుకుంటారు. స్నేర్, సింబల్స్, కిక్ పెడల్ మాత్రం ఎవరివి వాళ్లు తెచ్చుకుంటారు. చాలాచోట్ల స్టూల్ కూడా. వీటిని ఇంగ్లీషులో బ్రేకబుల్స్ అంటారు, అంటే పగిలేవి, విరిగేవి. చెక్క గుల్లలు, ఇనుప స్టాండ్లు నలుగురు వాయించినా తట్టుకుంటాయి. ముందు పోయేవి ఈ మూడే.

స్నేర్ ఎందుకంటే, దాని కింది వైపు హెడ్ చాలా పలచన. సాధారణంగా 3 మిల్ ఉంటుంది. మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు. మూడు మిల్ అంటే దాదాపు 0.076 మిల్లీమీటర్లు. మన రికార్డు రాసుకునే ఎ-ఫోర్ కాగితం సుమారు 0.1 మిల్లీమీటర్ ఉంటుంది. అంటే కాగితం కంటే పలచన. స్టాండ్ మీద అడ్డదిడ్డంగా దించితే స్టాండ్ చెయ్యి గుచ్చుకుని చిరిగిపోతుంది. స్నేర్‌ని నేల మీద పెట్టేటప్పుడు అక్కడ చిన్న రాయి ఉన్నా చాలు.

పెడల్ సంగతి వేరు. ఒక్కొక్కరి కాలికి ఒక్కో రకంగా స్ప్రింగు బిగించుకుంటారు. నలుగురు నాలుగు రకాలుగా తిప్పితే స్క్రూ మరలు అరిగిపోతాయి. దాన్ని కిక్ డ్రమ్ అంచుకి పట్టించే క్లాంప్ ఎక్కువ బిగిస్తే చెక్క అంచు నలుగుతుంది. క్లాంప్‌కీ అంచుకీ మధ్య చిన్న రబ్బరు ముక్క పెట్టండి, పాత సైకిల్ ట్యూబు ముక్కైనా చాలు.

మన కాలేజీలో అందరి దగ్గరా సొంత స్నేర్, సొంత సింబల్స్ ఎక్కడుంటాయి, నిజమే. అందుకే నేను మూడు మెట్లుగా పెట్టుకున్నాను. ఉన్నవాళ్లు వాళ్లవి తెచ్చుకోవాలి. లేనివాళ్లకి నా పాత ఇత్తడి సింబల్స్ ఇస్తాను, మంచివి ఇవ్వను. ఆ పాతవీ సరిపోవు అనుకుంటే, మంచివి నేనే బిగించి, వాయించడం అయ్యాక నేనే విప్పుతాను. ఇందులో అవమానం ఏమీ లేదు. తాళాలు ఇచ్చి బండి ఇవ్వడం వేరు, వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్లడం వేరు. రెండూ సాయమే.

సింబల్ ఎందుకు పగులుతుంది

ఇదే అసలు పాఠం, నా తప్పు కూడా ఇక్కడే ఉంది.

మంచి సింబల్స్ కంచువి. బి ట్వెంటీ అనే రకంలో 80 శాతం రాగి, 20 శాతం తగరం. బి ఎయిట్‌లో 92 శాతం రాగి, 8 శాతం తగరం. బాగా చవకవి ఇత్తడివి. తగరం ఎక్కువైతే మోత బాగుంటుంది, లోహం పెళుసవుతుంది. గుడి గంటకు వాడే కంచూ ఈ కుటుంబమే. కాబట్టి సింబల్ ఎంత మంచిదైతే అంత మొండిది అనుకోకూడదు.

సింబల్ మధ్యలో చిన్న రంధ్రం ఉంటుంది, స్టాండ్ కడ్డీ అందులోంచి వెళ్తుంది. బిగించే వరుస ఇది: ముందు ఇనుప వాషర్, దాని మీద ఫెల్ట్ అనే మెత్తటి ఉన్ని బిళ్ల, కడ్డీకి తొడిగిన ప్లాస్టిక్ గొట్టం, దాని మీంచి సింబల్, పైన మళ్లీ ఫెల్ట్, ఆఖరున రెక్కల నట్టు. ఆ ప్లాస్టిక్ గొట్టాన్ని స్లీవ్ అంటారు. చూడ్డానికి చిన్న ముక్క, ఖరీదు పది ఇరవై రూపాయలు. అది లేకపోతే కంచు రంధ్రం నేరుగా ఇనుప కడ్డీ మరల మీద రాసుకుంటుంది. కొట్టిన ప్రతిసారీ సింబల్ ఊగుతుంది, మరలు ఆకురాయిలా పని చేస్తాయి. కొన్నాళ్లకి గుండ్రటి రంధ్రం తాళంచెవి రంధ్రంలా ఒకవైపు సాగుతుంది. ఆ సాగిన మూలలోంచి పగులు మొదలవుతుంది.

మెకానికల్ వాళ్లకి ఇది కొత్త కాదు. లాగిన రేకులో గుండ్రటి రంధ్రం ఉంటే దాని అంచున స్ట్రెస్ మూడు రెట్లు అవుతుందని 1898లోనే జర్మన్ ఇంజనీరు కిర్ష్ లెక్క కట్టి చూపించాడు. అది పెద్ద చదును రేకుకు కట్టిన లెక్క, సింబల్‌కి అంకెలు అలాగే వర్తించవు. కానీ నీతి ఒకటే. రంధ్రం గుండ్రంగా ఉన్నంతసేపు కొంత నయం, దాని అంచున సన్నటి నొక్కు పడిందంటే బరువంతా ఆ మొన మీదే పడుతుంది. తర్వాత వేల దెబ్బలకు ఫెటీగ్‌తో పగులు కొంచెం కొంచెంగా పాకుతుంది. ఆఖరి దెబ్బ ఎవరిదైతే వాళ్లు దొరికిపోతారు.

నాలుగు రోజుల తర్వాత రూములో ఆ సింబల్‌ని ఫోన్ టార్చి కింద పెట్టి చూశాను. రంధ్రం ఒక పక్కకి సాగి ఉంది, లోపల మర గీతలు వరుసగా పడి ఉన్నాయి. పగులు అక్కడి నుంచే మొదలైంది, దాదాపు మూడు సెంటీమీటర్లు. కొంచెం విడదీసి చూస్తే రంధ్రం వైపు భాగమంతా గోధుమరంగుకి తిరిగి మాసిపోయి ఉంది. చివరి కొద్ది భాగమే కొత్త రాగిలా మెరుస్తోంది. మాసిన భాగం పాతది, గాలి తగిలి నెలలు అయింది. మెరిసేది కొత్తది. స్టాండ్ తీసి చూస్తే కడ్డీకి స్లీవ్ లేదు. ఫోన్‌లో క్రిస్మస్ రోజు చర్చిలో తీసిన వీడియో ఉంది. జూమ్ చేసి చూశాను. అందులోనూ లేదు. అప్పుడు గుర్తొచ్చింది. డిసెంబరులో సర్దుతున్నప్పుడు స్లీవ్ ఊడి వస్తే, తర్వాత పెడదాంలే అని కర్రల సంచి జేబులో వేశాను. తెరిచి చూస్తే అక్కడే ఉంది.

అంటే ఆ పగులు పెట్టింది నేను. మూడు నెలలు పెంచింది నేను. పదిమంది ముందు తిట్టింది వాడిని.

సింబల్ విషయంలో ఇంకో మూడు మాటలు. ఒకటి, రెక్కల నట్టు గట్టిగా బిగించకండి. వేలితో నెడితే సింబల్ స్వేచ్ఛగా ఊగాలి. ఊగనివ్వకపోతే దెబ్బ శక్తంతా లోహంలోనే ఉండిపోయి అంచు పగులుతుంది. రెండు, క్రాష్‌ని కత్తితో నరికినట్టు అంచు మీద నిలువుగా కొట్టకూడదు, పక్కకి జారేలా తుడిచినట్టు కొట్టాలి. సింబల్‌ని ఛాతీ ఎత్తులో కొంచెం మన వైపు వంచి పెడితే ఈ దెబ్బ దానంతటదే వస్తుంది. మూడు, విప్పాక సింబల్‌ని సిమెంటు నేల మీద అంచున నిలబెట్టకూడదు. పరుపు మీదో సంచిలోనో పడుకోబెట్టాలి.

పగిలాక చేయగలిగింది కొంతే. పగులు చివర చిన్న గుండ్రటి రంధ్రం డ్రిల్ చేస్తే, సన్నటి మొన పోయి పగులు పాకడం కొన్నాళ్లు ఆగుతుంది. విమానాల రేకులకూ తాత్కాలికంగా ఇలా చేస్తారు. శబ్దం మాత్రం ఇదివరకటిలా ఉండదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

హెడ్ల సంగతి

పాతకాలం డ్రమ్ములకి దూడ తోలు ఉండేది. వానాకాలం వదులై, ఎండకి బిగిసి విసిగించేది. 1950ల్లో మైలార్ అనే పాలిస్టర్ పొరతో హెడ్లు వచ్చాయి. అమెరికాలో రెమో బెల్లి 1957లో వీటి కోసమే కంపెనీ పెట్టాడు. అందుకే మన కోస్తా ఉక్కపోతలో కూడా హెడ్ మరీ జారిపోదు. డప్పుని మంట దగ్గర కాచి బిగిస్తాం కదా, ఆ అలవాటుతో ఎవరైనా దీన్నీ కాయబోతే వెంటనే ఆపండి, ప్లాస్టిక్ పాడైపోతుంది. ఓపెన్ ఎయిర్ స్టేజీ మీద మధ్యాహ్నం ఎండలో కిట్ వదిలేయకండి, దుప్పటి కప్పండి. ఎండ చెక్కకీ మంచిది కాదు, దాని మీద అతికించిన రంగు రేకుకీ మంచిది కాదు.

పైన వాయించే ఒంటి పొర హెడ్ మామూలుగా 10 మిల్, అంటే పావు మిల్లీమీటరు. రెండు పొరలవి కూడా ఉంటాయి, అవి గట్టివి. పదిమందికి ఇచ్చే కిట్‌కి రెండు పొరలవి వేసుకోవడం మేలు. హెడ్‌ని ఎక్కువగా పాడుచేసేది బలం కాదు, విరిగిన కర్ర. చివర చిట్లిన కర్రతో కొడితే గుంటలు పడతాయి, ఒక్కోసారి చిల్లే పడుతుంది. అందుకే ఎవరొచ్చినా ముందు వాళ్ల కర్రల మొనలు చూస్తాను. చిట్లి ఉంటే నావి ఒక జత ఇస్తాను. కర్ర జత ధర హెడ్ ధరలో కొంతే.

కిక్ డ్రమ్ మీద పెడల్ సుత్తి తగిలే చోట చిన్న ప్యాచ్ అతికించండి. సుత్తికి ఒకవైపు ఫెల్ట్, ఇంకోవైపు ప్లాస్టిక్ ఉంటే, ఫెల్ట్ వైపే తిప్పి ఇవ్వండి.

ట్యూనింగ్ తాళం మీ జేబులోనే ఉంచుకోండి. శ్రుతి మార్చాలంటే మిమ్మల్ని పిలవాలి. హెడ్ బిగించేటప్పుడు కారు చక్రం నట్లు బిగించినట్టు ఎదురెదురుగా, తలా కొంచెం బిగించాలి. ఒక పక్కనుంచి వరసగా బిగించుకుంటూ పోతే హెడ్ ముడతలు పడుతుంది, మరలు పోతాయి.

ఎత్తులు, వంపులు

ఎక్కువ నష్టం వాయించేటప్పుడు జరగదు, వాయించే ముందు సర్దుకునే రెండు నిమిషాల్లో జరుగుతుంది. పొడుగువాడు దిగి పొట్టివాడు కూర్చుంటాడు. టామ్‌ని కిందికి వంచాలి. కింద స్టేజీలో జనం అరుస్తుంటారు, యాంకర్ పేరు పిలిచేశాడు. నట్టు వదులు చేయకుండానే చేత్తో బలంగా నొక్కేస్తాడు. లోపలి పళ్లు అరిగిపోతాయి, ఇక ఆ టామ్ ఎంత బిగించినా జారుతూనే ఉంటుంది.

దీనికి నా పద్ధతి ఇది. స్టాండ్ గొట్టాల మీద నేను పెట్టుకునే ఎత్తు దగ్గర తెల్ల టేపు చుడతాను. ఎవరు మార్చుకున్నా టేపు చూసి వెనక్కి తేవచ్చు. కింద కార్పెట్ వేసి ప్రతి స్టాండ్ కాలు ఎక్కడుందో దాని మీదా టేపు అతికిస్తాను. కార్పెట్ లేకపోతే కిక్ డ్రమ్ ముందుకి జారుతూ ఉంటుంది, వాయించేవాడు కాలితో లాక్కుంటూ ఉంటాడు, అలా పెడల్ క్లాంప్ ఊడుతుంది. స్టాండ్ మూడు కాళ్లలో ఒకటి సరిగ్గా సింబల్ కిందికి వచ్చేలా తిప్పి పెట్టండి, పక్కకి ఒరిగి పడదు.

ఎడమచేతి వాటం వాళ్లు అడిగితే ముందే చెప్పమనండి. వాళ్లకి కిట్ మొత్తం అద్దంలో చూసినట్టు తిరగేయాలి. స్టేజీ మీద ఐదు నిమిషాల్లో అయ్యే పని కాదు. వాళ్లని మొదటి బ్యాండ్‌గానో ఆఖరి బ్యాండ్‌గానో పెట్టమని నిర్వాహకులకి చెప్పండి.

మాట ముందే అనుకోవాలి

మా తమ్ముడు అడిగిన రోజు సంభాషణ మొత్తం ఇంతే.

"అన్నా, ఫెస్ట్‌కి మీ కిట్ ఇస్తారా?"

"దాందేముందిరా, తీసుకో."

పగిలితే ఎవరిది, పోతే ఎవరిది, ఎవరు మోస్తారు, ఎవరు కాపలా, ఒక్క మాట లేదు. అడగడానికి వాడికి భయం, చెప్పడానికి నాకు మొహమాటం. ఇప్పుడు ఎవరడిగినా వాట్సాప్‌లో ఈ మెసేజ్ పంపుతాను. కావాలంటే కాపీ చేసుకోండి:

"కిట్ ఇస్తాను. కర్రలు మీవి తెచ్చుకోండి, స్నేర్, పెడల్ ఉంటే అవీ. ముందురోజు సాయంత్రం ఇద్దరం కలిసి చూసి ఫొటోలు తీసుకుందాం. వాడుకలో హెడ్ అరిగినా, చిరిగినా నాది. నా స్టాండు సరిగ్గా లేక ఏది పాడైనా నాది. కింద పడేసినా, తడిసినా, చిన్న వస్తువు పోయినా తీసుకున్నవాళ్లది. మీరు కాక ఇంకెవరైనా వాయించాలంటే ముందు నాకు ఫోన్ చేయండి. ఒప్పుకుంటే ఓకే అని పెట్టండి."

ఇది పంపినందుకు ఇప్పటిదాకా ఎవరూ నొచ్చుకోలేదు. "హమ్మయ్య, ఏం జరిగితే ఏమవుతుందో తెలిసింది" అన్నవాళ్లే ఎక్కువ. వీటిలో "మీరు కాక ఇంకెవరైనా" అన్న మాట ముఖ్యం. మీరు ఇచ్చేది ఒక్కడికి. స్టేజీ మీద ఖాళీగా కనపడితే కూర్చుని రెండు దెబ్బలు వేసి వీడియో తీసుకునేవాళ్లు ఇరవైమంది. బ్యాండ్‌కీ బ్యాండ్‌కీ మధ్య స్టూల్ తీసేసి పక్కన పెట్టండి. కూర్చోడానికి లేకపోతే సగం మంది ముందుకి రారు.

తీసుకునేవాళ్లకి

అరువు తీసుకునేవాళ్లకి కొన్ని మాటలు. కూర్చోగానే కొట్టడం మొదలుపెట్టకండి. సింబల్ కింద వేలు పెట్టి స్లీవ్ ఉందో లేదో చూడండి. నట్లు చూడండి. ఏదైనా ముందే పగిలి ఉంటే అప్పుడే ఫొటో తీసి యజమానికి పంపండి. అది అనుమానించడం కాదు, ఇద్దరికీ రక్షణ.

ఫ్లోర్ టామ్ టీపాయ్ కాదు. దాని మీద వాటర్ బాటిల్, ఫోన్, టీ గ్లాసు పెట్టకండి. కిక్ డ్రమ్ లోపల బ్యాగులు దాచకండి. టామ్ పట్టుకుని కిట్‌ని లాగకండి, ఏ ముక్కకి ఆ ముక్క విప్పి మోయండి. ఇనుప స్టాండ్లు, డ్రమ్ములు ఒకే ఆటోలో వేస్తే మధ్యలో దుప్పటి వేయండి. నా ఫ్లోర్ టామ్ మీదున్న పొడవాటి గీత గతుకుల రోడ్డు మీద స్టాండ్ కాలు గీసిందే.

ఇంకొకటి. గట్టిగా కొడితేనే మోత వస్తుందనుకోకండి. మైకులు పెట్టాక సౌండ్ పెంచేది మిక్సర్ దగ్గరున్న మనిషి, మీ భుజాలు కాదు.

తిరిగి తీసుకునేటప్పుడు

రాత్రి అలసటలో "రేపు చూద్దాంలే" అనకండి. తీసుకున్నవాళ్లు పక్కనుండగానే, అదే స్టేజీ మీద, లైట్లు ఉండగానే చూడండి. నా లెక్క ఇది:

మొదట చిన్న వస్తువులు లెక్కపెడతాను: ఫెల్ట్‌లు, స్లీవ్‌లు, రెక్కల నట్లు, ట్యూనింగ్ తాళం, హైహాట్ క్లచ్. ఈ క్లచ్ అరచేతిలో పట్టే ముక్క, హైహాట్ పై సింబల్‌ని కడ్డీకి పట్టించేది అదే. అది పోతే హైహాట్ జత మొత్తం పనికిరాదు, మన ఊళ్లో వెంటనే దొరకదు కూడా. నేనైతే ఒకటి అదనంగా కొని పెట్టుకున్నాను. వీటన్నిటికీ ఒక స్టీలు టిఫిన్ డబ్బా ఉంది.

తర్వాత సింబల్స్. టార్చి వేసి రంధ్రం చుట్టూ, అంచు చుట్టూ చూస్తాను. అంచు వెంబడి గోరు నెమ్మదిగా జరుపుతాను, సన్నటి పగులైనా తగులుతుంది. వేలికి వేలాడదీసి మెల్లగా తడతాను. బాగుంటే చాలాసేపు మోగుతుంది. పగిలి ఉంటే గరగరమని తొందరగా ఆగిపోతుంది.

ఆ తర్వాత హెడ్లు, స్నేర్ కింది వైపు, పెడల్, టామ్ నట్లు. మొత్తం పది నిమిషాలు. ముందురోజు ఫొటోలు పక్కన పెట్టుకుంటే వాదన ఉండదు. ఏదైనా దెబ్బ కనపడితే మొదటి ప్రశ్న "ఎవరు చేశారు" అని కాదు, "ఇది ఎప్పటిది" అని వేసుకోండి. నేను ఆ ప్రశ్న వేసుకుని ఉంటే నాలుగు రోజులు ముందే జవాబు దొరికేది.

తర్వాత ఏమైంది

తెలిసిన రోజు రాత్రే వాళ్ల రూముకి వెళ్లి 2000 తిరిగి ఇచ్చేశాను. స్లీవ్, సింబల్ రెండూ చూపించి, "తప్పు నాదిరా" అన్నాను. వాడు డబ్బులు తీసుకుని "పర్లేదన్నా" అన్నాడు. కానీ ప్రాక్టీసుకి రావడం మానేశాడు. నాకు అర్థమైంది. తిట్టింది పదిమందిలో, సారీ చెప్పింది నలుగురు గోడల మధ్య. మర్నాడు బ్యాండ్ గ్రూపులో ఆ ఫొటోలు పెట్టి, జరిగింది జరిగినట్టు రాశాను. అది రాయడం తిట్టినంత తేలిక కాలేదు. వాడు రెండు నెలలు ఏ జవాబూ పెట్టలేదు.

ఈ సంవత్సరం ఫెస్ట్‌కి వారం ముందు వాడే వచ్చాడు. "అన్నా, కిట్ కావాలి. మెసేజ్ పంపండి, ఓకే పెడతా" అన్నాడు. ముందురోజు సాయంత్రం ఇద్దరం స్టేజీ మీద కూర్చుని అన్నీ చూశాం. కొత్త క్రాష్ నేనే బిగించాను. స్లీవ్ పెట్టాను, ఫెల్ట్ పెట్టాను, నట్టు వదులుగా ఉంచాను. "అయిపోయిందిరా" అన్నాను. వాడు తలూపి, దగ్గరికొచ్చి, సింబల్ కింద వేలు పెట్టి స్లీవ్ ఉందో లేదో తనే చూసుకున్నాడు. ఆ తర్వాతే ఓకే అని మెసేజ్ పెట్టాడు.